న్యూయార్క్ మీదుగా పిస్తోలు

ఏరా, కార్లో సీటు బెల్టు పెట్టుకోమంటే మొహం చిట్లించే మహానుభావుడా, ఇలా వచ్చి కూర్చో. చట్టాన్ని చంకలో పెట్టుకుని తిరిగిన క్లెటస్ కథ చెబుతాను. వింటే నీకు బుద్ధి వస్తుందని కాదులే, నాకా ఆశ ఎప్పుడో పోయింది.

పెన్సిల్వేనియాలో ఉండే క్లెటస్ హేఫర్, వాళ్ళ నాన్న పాత పిస్తోలు పట్టుకుని, వెర్మాంట్‌లో గురిపోటీకి బయలుదేరాడు. మధ్యలో న్యూయార్క్ రాష్ట్రం. అక్కడ వాళ్ళ లైసెన్సు లేకుండా పిస్తోలుతో దొరికితే జైలే. దాటిపోయేవాడికి మాత్రం ఒక దారి ఉంది: పిస్తోలులో గుళ్ళు ఉండకూడదు, అది తాళం వేసిన పెట్టెలో, చేతికందకుండా డిక్కీలో ఉండాలి. ముందురోజే క్లెటస్ పిస్తోలు సంచీని పెట్టెలో పెట్టి తాళం వేసి, తాళంచెవి వంటింటి మేకుకు తగిలించాడు.

ఉదయం కాఫీ దగ్గర బామ్మర్ది డెల్మార్ మొదలెట్టాడు. "బావా, న్యూయార్క్‌లో నువ్వు తుమ్మినా పోలీసులకి వినబడుతుందట!"

"నోర్ముయ్‌రా. నాది అంతా చట్టప్రకారం."

"అదే కదా నీ జబ్బు," అని డెల్మార్ పకపకా నవ్వాడు. వాడూ పోటీకే. బావ అవస్థ కళ్ళారా చూడాలని తన ట్రక్కులో వెనకే వచ్చాడు.

సరిహద్దు దాటగానే క్లెటస్ చెమటలు కక్కుతూ ఎడ్లబండిలా నడిపాడు. లారీలు హారన్లు మోగించి తిడుతూ దాటిపోయాయి.

"ఏమయ్యా, బాత్రూంకి ఆపవా?" అంది భార్య వెర్నా.

"వెర్మాంట్ వచ్చేదాకా ఓర్చుకో. ఇక్కడ ఆగితే అనుమానిస్తారు!"

చివరికి అనుమానం వచ్చింది, ఆ నత్తనడకకే. వెనక పోలీసు కారు లైట్లు మిణుకుమన్నాయి. ఆఫీసరు కిటికీ దగ్గరకి రాకముందే క్లెటస్ రెండు చేతులూ పైకెత్తేశాడు.

"సార్! పిస్తోలుంది! డిక్కీలో! తాళం వేశాను! గుళ్ళు వేరే పెట్టెలో!"

"నేను మీరెందుకింత నెమ్మదిగా పోతున్నారో అడుగుదామని వచ్చానండీ," అన్నాడాయన.

క్లెటస్ వినలేదు. దిగి, డిక్కీ తెరిచి, పెట్టె తాళం తీసి గర్వంగా మూత ఎత్తాడు. లోపల మాంసం కూరిన లావుపాటి బొలోనీ సాసేజీ పడుకుని ఉంది.

ఆఫీసరు తలగోక్కున్నాడు. "దీనికి లైసెన్సు అక్కర్లేదు. మరి పిస్తోలు ఏదీ?"

వెనక ట్రక్కు ఆపి పొట్ట పట్టుకుని నవ్వుతున్న డెల్మార్‌కి అప్పుడే నవ్వు ఆగిపోయింది. ఉదయం కాఫీకొచ్చినప్పుడు మేకునున్న తాళంచెవితో పెట్టె తెరిచి, సాసేజీ పెట్టి, సంచీ కొట్టేసింది వాడే. ఆ సంచీ ఇప్పుడు వాడి సీటు కింద ఉంది. తాళం లేదు. చేతికి అందుతుంది. ఉన్నది న్యూయార్క్‌లో.

వాడు ఏడుపు మొహంతో దిగాడు. "సార్, సరదాకి చేశాను సార్! సీటు కిందుంది! నన్ను జైల్లో వెయ్యకండి సార్!"

"ఒరేయ్ వెధవా!" అని క్లెటస్ తల పట్టుకున్నాడు. పోటీ పోయింది, నాన్న పిస్తోలు పోయింది, బామ్మర్దీ పోయాడు.

ఆఫీసరు వాణ్ణి పక్కన నిలబెట్టి, సీటు కింద సంచీ తీసి జిప్పు లాగాడు. జుట్టు రింగులు తిప్పుకునే ఇనపకాడ బయటికొచ్చింది.

"అది నాది," అంది వెర్నా. "పిస్తోలు డిక్కీలోనే ఉంది, నా మేకప్ పెట్టెలో. దాని తాళంచెవి నా మెళ్ళో ఉంది. వీడు కాఫీకొస్తానన్నప్పుడే పిస్తోలు తీసి దాచి, సంచీలో ఇది పెట్టాను."

"ముందే చెప్పొచ్చుగా!" అని మొగుడూ తమ్ముడూ ఒకేసారి అరిచారు.

"చెబితే వీడు ఏడవడం ఎలా చూస్తాను? ఆఫీసరు గారూ, ఇక్కడ దగ్గర్లో బాత్రూం ఎక్కడ?"

చూశావుగా? అక్కని బోల్తా కొట్టించాలంటే ముందు ఆవిడకి తమ్ముడిగా పుట్టకూడదు.