తలకాయ వాటా

1987 వేసవిలో గురజాల దాపున ఒక ఊళ్లో తాతల నాటి ఆచారం శాస్త్రీయమని రుజువైంది. రుజువు చేసినవాడు జూనియర్ కాలేజీలో జీవశాస్త్రం చెప్పే అమరేశ్వరరావు. పాపం, ఆయన కావాలని చేయలేదు.

ఆయన ఆరేళ్లుగా పీహెచ్‌డీ చేస్తున్నాడు. బయటి కబురును కణం లోపలికి చేరవేసే ప్రోటీన్ ఒకటుంది. దానికి మూడు ముక్కలు. అందులో ఆల్ఫా ముక్క ఏ అవయవంలో ఎంతుందో తేల్చాలి. ఒకే మేక మెదడు, గుండె, కాలేయం, కాలి కండ సోమవారంలోగా ఐసులో పెట్టి తేకపోతే పేరు కొట్టేస్తానని గైడు ఉత్తరం రాశాడు. అమరేశ్వరరావు మేకను కొన్నాడు.

మేకను ఎవరు కొన్నా ఆ ఊళ్లో వాటాలు మారవు. కాలేయం పాత మునసబుకు. ప్రభుత్వం ఆయన పదవిని రద్దు చేసింది గానీ కాలేయాన్ని రద్దు చేయలేదు. గుండెకాయ సాగర్ కాలవ నీళ్లు వదిలే లస్కరుకు. కాళ్లు ఊరి కావలి చిన్నకోటయ్యకు. ఈ ముగ్గురూ సైన్సు కోసం గోరంత ముక్క ఇచ్చారు. తలకాయ దగ్గరే చిక్కొచ్చింది.

"అది ప్రెసిడెంటు గారిది సారూ. ఆ సంగతి మేకక్కూడా తెలుసు," అన్నాడు మాంసం కొట్టు షబ్బీర్.

అమరేశ్వరరావు ప్రెసిడెంటు పున్నారావు అరుగెక్కి ప్రోటీన్ కథంతా వినిపించాడు. భయంలో ఒక మాట ఎక్కువే చెప్పాడు. ఆ ముక్క మెదడులో పుష్కలమనీ, గుండెలో కాస్తనీ, కాలేయంలో నామమాత్రమనీ, కాలి కండలో దాదాపు లేదనీ పైదేశాలవాళ్లు ముందే తేల్చారన్నాడు.

పున్నారావు మీసం సవరించుకున్నాడు. "కాళ్లల్లో లేదా? మరి కాళ్లు కావలోడికియ్యాలని మా తాతకెవుడు చెప్పాడయ్యా? ఆయనకేం లాబరేటరీ ఉంది?"

సాయంత్రానికి పంచాయతీ కూడింది. "కబురు అందుకొను బాధ్యత గలవారికి తలకాయయు, అందిన కబురుకు నడవవలసినవారికి కాళ్లును ప్రకృతిసిద్ధముగా చెందునని ఇందుమూలముగా తీర్మానించడమైనది." కింద లెక్చరరు సంతకం పెడితే మెదడు ఇస్తారు.

"నిజమేనా సారూ?" అని చిన్నకోటయ్య నెమ్మదిగా అడిగాడు.

అమరేశ్వరరావుకు సిగ్గేసింది. చానా సిగ్గేసింది. అయినా సోమవారం గుర్తొచ్చి సంతకం పెట్టాడు.

ప్రెసిడెంటు గారు మాట తప్పే మనిషి కాదు. మర్నాడు పొద్దున్నే ఆయన భార్య రత్తమ్మ మెదడును టిఫిను క్యారియరులో పెట్టి స్వయంగా తెచ్చింది. మిరియాలేసి వేపింది. "పచ్చిది చేతిలో పెట్టడానికి మాకు మర్యాద తెలవదా అబ్బాయ్? వేడి మీద తిను," అంది. వేపుడులో ప్రోటీన్ బతకదన్న మాట ఆమెతో అనలేక, ఐసు పెట్టె పక్కన కూర్చుని ఆయన తిన్నాడు. రుచిగానే ఉంది.

పీహెచ్‌డీ పోయింది. శాస్త్రానికి చేసిన సేవకు గాను ఏ మేక తెగినా ఆయనకో గరిటెడు మెదడు వెళ్తోంది.

చిన్నకోటయ్య నెమ్మదిగానే అడిగినా ఆ ప్రశ్న అందరికీ వినబడింది. ఆనాడు సభలో ఊరంతా ఉంది. అందరి మెడ మీదా తలకాయ ఉంది. ఒక్కటీ అడ్డంగా ఊగలేదు.