వద్దన్నవాళ్లదే భారం

ఆ రోజుకి కోడలు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, పాత చిప్ ఒకదాన్ని తీసెయ్యడం, కొత్త వెర్షన్ విడుదల చెయ్యడం, సాయంత్రానికల్లా తాళాలు గడ్డం చేతిలో పెట్టి హాయిగా పడుకోవడం.

తాళాలంటే ఇంటివి కావు. చిన్న చిన్న యంత్రాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్‌ను తయారుచేసిపెట్టే ఉచిత సాధనం ఒకదాన్ని ఆమె ఏళ్ల తరబడి చూసుకుంటోంది. ఎవరైనా వాడుకోవచ్చు. జీతం ఉండదు, తిట్లు మాత్రం అన్ని దేశాల నుంచీ వేళ తప్పకుండా వస్తాయి. ఇక తనవల్ల కాదనుకున్నాక, వేరే ఊళ్లో ఉండే ఒక ఇంజనీరు ఆ బరువు మోస్తానన్నాడు. అతన్ని ఆమె వీడియోలో తప్ప చూడలేదు, అందులోనూ గడ్డమే ఎక్కువగా కనిపించేది, అందుకని ఇంట్లో అందరికీ అతను గడ్డమే. దిక్కులేని భాగం ఒక్కటి ఉన్నా తాళాలు తీసుకోనని అతను ముందే చెప్పాడు.

ఆ పాత చిప్ కోసం సాధనంలో రాసిపెట్టిన భాగం అలాంటిదే, దాన్ని చూసుకునేవాళ్లు లేరు. దేన్నయినా తీసేసేముందు, వాడేవాళ్లున్నారా అని ఆ సాధనం తాలూకు గ్రూపులో అందరినీ అడగడం అక్కడి ఆనవాయితీ. తియ్యొద్దన్నవాళ్లు ఇకమీదట దాని బాగోగులు తామే చూసుకోవాలి. ఈ రెండో నియమం కోడలు పెట్టిందే. అది పెట్టినప్పటి నుంచి ఎవరూ ఏదీ వద్దనడం లేదు. ఈసారి కూడా ఎవరూ కిక్కురుమనలేదు. ఆమె కాఫీ గ్లాసు పక్కన పెట్టి చిప్‌ను తీసేసింది. ప్రాణం తేలికపడింది.

కాసేపటికి స్నానాలగది తలుపు కాస్త తెరుచుకుని, నురగతో నిండిన తల ఒకటి బయటికి వచ్చింది. అత్తగారు.

"అమ్మాయ్, కుళాయి కట్టేశావా?"

కట్టలేదని కోడలు ఒట్టేసినంత పని చేసింది. అత్తగారు నమ్మలేదు. పోయినసారి ఏదో పరీక్ష చేస్తున్నానంటూ కోడలు ఇంటర్నెట్ ఆపేసి, సరిగ్గా సీరియల్లో హంతకుడు బయటపడే వేళకి టీవీని మూగదాన్ని చేసింది. ఇది కూడా ఆ కోవలోదే అయివుంటుందని ఆవిడ లెక్క.

భర్త మేడ మీదికి వెళ్లి మోటారు చూసి వచ్చాడు. రోజూ పొద్దున్నే దానంతటదే ట్యాంకు నింపేలా ఆ మోటారుకి ఒక చిన్న పెట్టె బిగించింది అతనే. వెళ్లేటప్పుడు ఉన్న ముఖం వచ్చేటప్పుడు లేదు. పైపుల్లో గాలి చేరినట్టుందని గొణిగి, కోడలి వైపు చూడకుండా ప్లంబరుకి ఫోన్ చేశాడు.

ప్లంబరు వచ్చాడు. గాలే అని ఇంటాయన అన్నాక కాదనడం దేనికని, గాలే అన్నాడు. సింకు కింద బిగింపు ఒకటి విప్పాడు. గాలి రాలేదు. పైపులో ఇరుక్కున్న నీళ్లన్నీ ఒక్క ఊపున బయటపడి, వంటింటి గడప దాటి, హాల్లో నేలమీదున్న ప్లగ్గుల బోర్డును పలకరించాయి. ఇల్లంతా కరెంటు పోయింది. సరిగ్గా అప్పుడే కోడలు కొత్త వెర్షన్ పంపుతోంది. వచ్చేసిందహో అన్న చాటింపు వెళ్లిపోయింది, ఫైళ్లు మాత్రం సగంలో ఆగిపోయాయి.

ఫోన్ మోగింది. గడ్డం.

"అక్కా, చాటింపు వచ్చింది, సరుకేదీ? మీరు అలిగి వెళ్లిపోయారని కొందరు, మీ ఖాతా దొంగలపాలైందని కొందరు ఒకటే గోల. ఇలా అయితే నేను ఆలోచించుకోవాలి."

సాయంత్రానికి సర్దేస్తానని ఆమె బతిమాలుకుంది. కరెంటు వచ్చింది. నీళ్లు రాలేదు. అత్తగారు తలకు తువ్వాలు చుట్టుకుని హాల్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. నురగ ఎండి, నుదురు చిటపటలాడుతోంది.

"ఊరందరి యంత్రాలూ నువ్వే నడుపుతావటగా. మన మోటారు కూడా ఓసారి చూడు తల్లీ."

కోడలు ల్యాప్‌టాప్ పట్టుకుని మేడెక్కింది. పెట్టెకి తీగ తగిలించి చూసింది. తెరమీద ఒకే వాక్యం మళ్లీ మళ్లీ వస్తోంది: ఈ చిప్‌ను తొలగించాము, అభ్యంతరం ఉంటే గ్రూపులో రాయండి.

ఆ వాక్యం పొద్దున ఆమె స్వయంగా రాసిందే.

వెనక భర్త నిలబడి ఉన్నాడు. ఆమె తిరిగి చూసింది.

"రోజూ నీ దగ్గర్నుంచి తాజాది తెచ్చుకున్నాకే మొదలవమని పెట్టాను," అన్నాడు.

"రోజూ ఎందుకండీ?"

"నువ్వు చేసేది కదా. తాజాగా ఉంటుందని."

"మరి వాడేవాళ్లున్నారా అని అడిగితే? గ్రూపులో మీరూ ఉన్నారుగా."

"చూశాను. వద్దంటే నా నెత్తిన పడుతుందిగా."

చిప్‌ను వెనక్కి పెడితే నీళ్లొస్తాయి, గడ్డం వెళ్లిపోతాడు. పెట్టకపోతే గడ్డం ఉంటాడు, అత్తగారి తల మీద నురగా ఉంటుంది. వద్దనేవాళ్లు ఒక్కరుంటే రెండూ కుదురుతాయి. కిందికి దిగి ఆమె భర్తను చూసింది. భర్త ప్లంబరును చూశాడు. ప్లంబరు పైపును చూశాడు.

ఏమిటీ మూగసైగలని అత్తగారు అడిగింది. కోడలు విడమరిచి చెప్పింది. ఆవిడ అంతా విని తువ్వాలు బిగించుకుంది.

"ఇంతేనా? నేను వద్దంటున్నాను. రాసుకో."

కోడలు రాసుకుని, చిప్‌ను వెనక్కి పెట్టి, సగంలో ఆగిన ఫైళ్లు పంపేసింది. ఆ వెంటనే మోటారు మొరిగింది. సాయంత్రం తాళాలు తీసుకుంటూ, ఈ రోజుల్లో ఇలా ముందుకొచ్చేవాళ్లు ఎక్కడున్నారని గడ్డం తెగ మురిసిపోయాడు.

ఇప్పుడు ప్రతి కొత్త వెర్షన్‌కీ ముందు అత్తగారు తలకి సబ్బు రాసుకుని కుళాయి తిప్పుతుంది. నీళ్లు వస్తే సరే. రాకపోతే గడ్డానికి పెద్ద ఉత్తరం వెళుతుంది, ఆవిడ చెబుతుంటే కొడుకు టైపు చేస్తాడు. కోడలు హాయిగా కాఫీ తాగుతుంది.

ఆ చిప్ పాతబడిందని గ్రూపులో మళ్లీ ఎవరూ అనలేదు.