అత్తగారి నక్షత్రం

ఆ ఆదివారం పొద్దున్నే కెమెరా కొనాలని అద్దాలాయన ముందురోజే నిశ్చయించుకున్నాడు. కళ్ళజోళ్ళ దుకాణం ఆయనది. వీధిలో ఎవరికి చూపు మందగించినా ఆయన దగ్గరికే వస్తారు. ఇంట్లో మాత్రం ఒక్కొక్కరి చూపు ఒక్కో వైపు. కేకులు చేసి అమ్మే భార్యకు రోజూ ఫోటోలు తీసుకునే కెమెరా కావాలి. అత్తగారికి తన పూలకుండీల మధ్య నడుస్తూ మాట్లాడే వీడియోలు కావాలి, అవి చెల్లెలికి పంపాలి. ఈయనకేమో మేడ మీది నుంచి నక్షత్రాలు కావాలి. మూడు కెమెరాలు కొనే స్తోమత ఎవరికీ లేదు.

కెమెరాల కొట్టతను ఒకరు వాడి అమ్మేసిన కెమెరాను ముందు పెట్టాడు. "చుక్కలకు కొత్తదే కావాలని లేదు సార్. లెన్సు వెలుతురు బాగా లాక్కోవాలి, కింద స్టాండు కదలకూడదు. అంతే" అన్నాడు. వారంలోగా నచ్చకపోతే తిరిగి తీసుకుంటానని కూడా ఒప్పుకున్నాడు. ఆ మాట పట్టుకుని భార్య షరతు పెట్టింది: మూడు పనుల్లో ఏ ఒక్కటి కుదరకపోయినా కెమెరా వెనక్కి. పాతది కొని తెచ్చిన అల్లుణ్ణి చూసి అత్తగారైతే వారం దాకా ఆగడమెందుకంది.

చీకటి పడగానే అద్దాలాయన మేడెక్కి, స్టాండు బిగించి, ఆగి ఆగి ఆకాశాన్ని ఫోటోలు తీశాడు. దిగి వచ్చి చూసుకుంటే తెల్లచుక్కల మధ్య ఒక ఎర్రచుక్క. నక్షత్రాల పటంలో ఆ చోటు ఖాళీగా ఉంది. పైగా ఫోటో ఫోటోకూ మిగతా నక్షత్రాలన్నీ కాస్త జరిగాయి, ఇది మాత్రం ఎక్కడిదక్కడే ఉంది. అందరికీ అద్దాలు మార్చే మనిషికి తన కళ్ళ మీద అనుమానం రాలేదు. ధ్రువనక్షత్రానికి తోడు మరొకటి ఇన్నాళ్ళూ తన మేడ కోసమే కాచుకుని ఉందని నమ్మేశాడు.

మర్నాడు పొద్దున కాఫీల దగ్గర అందరికీ చూపించాడు. అత్తగారు ఆ చుక్క వంక చాలాసేపు చూసి దాని పేరేమిటని అడిగింది. ఇంట్లో కెమెరా నిలవాలంటే ముందు ఈవిడ మెత్తబడాలి.

"మీ పేరే పెట్టానండీ అత్తయ్యగారూ" అన్నాడు.

పెదవి దాటితే పృథివి దాటుతుంది. చెల్లెలి అల్లుడు చెల్లెలికి కాళ్ళు నొక్కే కుర్చీ కొనిచ్చినప్పటి నుంచి అత్తగారు ఫోన్లో కొంచెం తగ్గే మాట్లాడుతోంది. ఆ రోజు తగ్గలేదు. "నీ అల్లుడు నిన్ను కుర్చీలో కూర్చోబెట్టాడు. నా అల్లుడు నన్ను ఆకాశంలో పెట్టాడు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. మధ్యాహ్నానికి బంధువులంతా ఫోన్లు చేశారు. అద్దాలాయన ఆ ఫోటోను పెద్దది చేయించి దుకాణంలో అక్షరాల పటం పక్కన తగిలించాడు. చూపు పరీక్షకు వచ్చినవాళ్ళు అక్షరాలు వదిలేసి ఎర్రచుక్క చూశారు. అంత చిన్నది కనపడుతున్నప్పుడు కళ్ళజోడు దేనికని లేచి వెళ్ళిపోయారు.

ఇంట్లో భార్యది వేరే బాధ. కేకుకు ఫోటో తీస్తే క్రీము మీద ఎర్రటి నలుసు కనపడుతోంది. తీరా కేకు చూస్తే లేదు. లోపలికి దిగిపోయిందేమోనని కేకును ముక్కలు చేసి వెతికింది. పిండి మళ్ళీ మళ్ళీ జల్లించింది. పిండి కొట్టతనితో పోట్లాడి వచ్చింది. మరో కేకు చేసి ఫోటో తీస్తే మళ్ళీ నలుసు. రెండు రోజులు ఇంటిల్లిపాదికీ మూడు పూటలా కేకే.

ఇంతలో ఆ నక్షత్రమేదో కళ్ళారా చూస్తానని చెల్లెలు దిగింది. అక్కాచెల్లెళ్ళను వసారాలో కూర్చోబెట్టి భార్య ఒక ఫోటో తీసింది. చెల్లెలు తొంగి చూసి ముక్కు తుడుచుకుంది. మళ్ళీ చూసి, "ఏమిటే అక్కా, నీ నక్షత్రం నా ముక్కు మీద ఉందీ?" అంది.

భార్య ఆకాశం ఫోటో, కేకు ఫోటో, ముక్కు ఫోటో ఒకదాని తర్వాత ఒకటి తిప్పి చూసింది. మూడింట్లోనూ చుక్క ఒకే చోట ఉంది.

"ఏవండీ, మీ నక్షత్రం కోసం నేను కేకులు కోశాను" అంది మెల్లగా.

అద్దాలాయన కొట్టతనికి ఫోన్ చేశాడు. కెమెరా లోపల వెలుతురు పట్టే పలకలో ఒక చుక్క పాడై ఊరికే వెలుగుతోందని, ఫలానా బటన్ నొక్కితే అది కనపడకుండా పోతుందని, కాదంటే కెమెరా తిరిగి తెచ్చెయ్యమని అతను చెప్పాడు. చెల్లెలు కళ్ళనీళ్ళొచ్చేదాకా నవ్వింది. "ఆకాశంలో లేవటే అక్కా, పాత కెమెరాలో ఉన్నావు. నొక్కు నాయనా, నా ముక్కు నాకిప్పించు."

నాలుగు రోజులుగా ఆకాశంలో ఉన్న అత్తగారి ముఖం ఎలా వాడిపోయిందో అద్దాలాయన చూశాడు. కెమెరా పోతే పోయింది, ఈవిడ ముఖం చూడలేం అనుకుంటూనే, కేకుల కోసమైనా చుక్క తీసెయ్యక తప్పదని బటన్ కోసం వేలు పెట్టాడు. అత్తగారు చెయ్యి చాచి కెమెరా తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.

"ఎవరూ ఏమీ నొక్కొద్దు."

"అది చెడిపోయిన చుక్క అత్తయ్యగారూ."

"బాగున్న చుక్క పగలు కనపడుతుందా? మబ్బు పడితే కనపడుతుందా? ఇది ఎప్పుడూ ఉంటుంది. దీని ముక్కు మీద కూడా ఉంటుంది. నాకిదే బావుంది."

"మరి నా కేకులమ్మా?" అంది భార్య.

"కేకు కొంచెం పక్కకి జరుపుకో."

భార్య జరిపి చూసింది. చుక్క గోడ మీదికి పోయింది, కేకు శుభ్రంగా వచ్చింది. షరతు గట్టెక్కింది. ఆ సాయంత్రం నుంచే పూలకుండీల వీడియోలు చుక్కతో సహా చెల్లెలికి వెళ్ళడం మొదలయ్యాయి.

ఇప్పుడు ఆకాశాన్ని ఫోటో తీసినప్పుడల్లా అద్దాలాయన ముందు అత్తగారు ఎక్కడున్నారో చూసుకుని, ఆ తర్వాతే మిగతా నక్షత్రాల జోలికి వెళతాడు. ఇంట్లో ఎలాగూ అదే పద్ధతి.