లివియమ్మగారి బళ్లో పేరు

“ఆవిడ మళ్లీ ఆ మాటే అన్నదంటే మన పిల్ల నర్సింగు సీటు పోయినట్టే” అంది సలోమి, పదిహేడు వందల ఏళ్ల కిందట రోములో సింహాల వాతపడ్డ పునీత లివియమ్మ తహసీల్దారు ఆఫీసుకు విచారణకు రావాల్సిన శుక్రవారం పొద్దున్నే. ఇంకా ఏమీ జరగలేదు. అప్పుడే సలోమి గుళ్లో మూడు కొవ్వొత్తులు వెలిగించి వచ్చింది.

పొరపాటు కూతురిది. ఆ దళితపల్లెలో ప్రతి బిడ్డకీ రెండు పేర్లు. జ్ఞానస్నానంలో ఫాదరుగారు పెట్టేది గుళ్లో పేరు. కులం సర్టిఫికెట్టు చెడకుండా రిజిస్టరులో రాయించుకునేది బళ్లో పేరు. సలోమి కూతురు గుళ్లో లివియ, బళ్లో దుర్గాభవాని. పద్దెనిమిదేళ్లుగా ఒక్కసారి కూడా తడబడని పిల్ల, సీటు వచ్చిందన్న సంబరంలో దరఖాస్తు కింద ‘లివియ’ అని సంతకం పెట్టేసింది.

“ఈ లివియ ఎవరమ్మాయ్?” అని వీఆర్వో వీరరాఘవయ్య అడిగాడు. గుళ్లో పీఠం మీద నిలబెట్టిన స్వరూపం ఆవిడదేనని, తనకు పెట్టింది ఆవిడ పేరేనని పిల్ల నిజం చెప్పింది. పేరు ఎవరిదైతే కులమూ వారిదేనని మెమో ఉంది. ఆ ప్రకారం వీరరాఘవయ్య నోటీసు తీసుకెళ్లి స్వరూపానికి అందించాడు. లివియమ్మ పీఠం దిగి, అందినట్టు సంతకం పెట్టి, చెప్పిన రోజున షేరాటోలో వచ్చింది.

ఆఫీసు తిరునాళ్లలా కిటకిటలాడింది. లివియమ్మ సెనేటరుగారి కూతురని పెద్దవీధి పెద్దకులాల విశ్వాసుల అర్జీ. పండగ తేరు ఏటా పెద్దవీధి మలుపు దాకా వచ్చి, పల్లెలోకి రాకుండా వెనక్కి తిరిగేది ఆ సెనేటరు మూలానే. ఆవిడ సెనేటరు గొడ్లచావిడి ఊడ్చే బానిస కూతురని పల్లెవారి అర్జీ. వాళ్లు బ్యాండుతో వచ్చారు.

“ఆ ముక్కు చూడండయ్యా, దొరల ముక్కు కాదూ!”

“ముక్కుదేముంది బాబాయ్, చేతులు చూడు. కాయలు కాసినయ్యి!”

వీరరాఘవయ్య తన నివేదిక చదివాడు. ఇరుగుపొరుగువారు ఎవరూ జీవించి లేరు. ఆమెను చివరిసారి దగ్గరగా చూసినవి సింహాలు. వాటికి రేషన్ కార్డు లేనందున వాంగ్మూలం తీసుకోలేదు. తహసీల్దారు భ్రమరాంబ సబబేనని టిక్కు పెట్టింది.

తర్వాత ఆవిడ సలోమికి ఓపికగా వివరించింది. లివియమ్మ సెనేటరు కూతురైతే పిల్ల ఓసీ. బానిస కూతురైతే ఎస్సీ, కాకపోతే మతం గడిలో హిందువు అని ఉండాలి. క్రైస్తవురాలు అని ఉంటే బీసీ-సి. ఆ కోటాలో సీట్లు నిన్ననే నిండిపోయాయి. కాలేజీలో సర్టిఫికెట్టు ఇవ్వడానికి గడువు ఆ సాయంత్రం అయిదు.

“బానిసేనని తేలినా అంతేనామ్మా?”

“బానిసతనం ఎక్కడికీ పోదమ్మా. సర్టిఫికెట్టే పోద్ది.”

సలోమి భయమంతా అక్కడే ఉంది. రోము అధికారి మూడుసార్లు, నీ తండ్రి ఎవరు, నీ కులమేది అని అడిగితే లివియమ్మ మూడుసార్లూ “నేను క్రైస్తవురాలిని” అని మాత్రమే చెప్పింది. ఆ మాటకే సింహాలను వదిలారు. ఏటా పండక్కి ఆ కథ పాటను సలోమే ఎత్తుకునేది, గొంతు పగిలేలా.

“పేరు, తండ్రి పేరు, మతం” అంది భ్రమరాంబ, పెన్ను మూత తీసి.

లివియమ్మ దరఖాస్తును దగ్గరికి లాక్కుంది. బ్యాండు ఆగింది. నాలుగు దాటింది. జనం బల్లల మీదికెక్కి చూస్తున్నారు. పెద్దవీధి వాళ్లూ పల్లె వాళ్లూ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని నిలబడ్డారు, ఎవరి భుజమో చూసుకోకుండా.

సలోమి ఉండబట్టలేక ఆవిడ పాదాలు పట్టుకుంది. “అమ్మా, ఆ ఒక్క మాట అనమాకమ్మా. నువ్వంటే ఒక్కసారి పోయావు. మేం దరఖాస్తు పెట్టినప్పుడల్లా పోవాల.”

“ఊరుకోమ్మా, అందరూ చూస్తన్నారు” అని పిల్ల తల్లి రెక్క పట్టి లాగింది.

లివియమ్మ ఆ పిల్లను చూసింది. దరఖాస్తు కింద ఆ సంతకాన్ని చూసింది. కాయలు కాసిన చేత్తో దాన్ని నెమ్మదిగా కప్పేసింది. గోడ గడియారంలో పెద్దముల్లు సగం చుట్టు తిరిగింది.

“లివియ గుళ్లో పేరండి” అంది చివరికి. “బళ్లో పేరు శేషారత్నం. హిందువులమేనండి.”