గాయత్రి సంతకెళ్ళింది

సోమవారం ఉదయం తొమ్మిదిలోగా ఒక గర్భిణిని కల్పించాలని రమణి అనుకుంది. తొమ్మిది దాటితే ఓపీ చీటీల వరుస మొదలవుతుంది. ఆ తర్వాత కల్పనకు తీరిక ఉండదు.

రమణి అరకు లోయలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కాంట్రాక్టు డేటా ఆపరేటరు. ముప్ఫై ఒకటో ఏట దూరవిద్యలో ఆరోగ్య సమాచార సాంకేతిక డిప్లొమా చదువుతోంది. పుస్తకాలు పోస్టులో వస్తాయి, పాఠాలు ఫోనులో వస్తాయి, సందేహాలు మాత్రం ఎవరికీ చేరవు. అది పాసయితే విశాఖపట్నం పెద్దాసుపత్రుల్లో రికార్డుల విభాగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. విశాఖపట్నమే ఎందుకని ఎవరైనా అడిగితే సముద్రం చూడాలని చెప్పేది. సురేంద్ర అక్కడున్నాడని చెప్పేది కాదు.

నాలుగేళ్ళ కిందట సురేంద్ర ఇదే కేంద్రంలో ల్యాబ్ టెక్నీషియను. రోజూ పదకొండింటికి ఆమె కిటికీ దగ్గర నిలబడి టీ తాగేవాడు. వెళ్ళిపోయే రోజున, "నంబరు ఉంది కదా. ఏదైనా చదువుకుని అటు వచ్చెయ్" అన్నాడు. ఇలాంటి మాటలు అనేవాళ్ళు రైలెక్కగానే మరిచిపోతారు. విన్నవాళ్ళు దూరవిద్యలో చేరతారు.

ఈసారి అసైన్‌మెంటు ఇది: ప్రమాద లక్షణాలున్న ఒక ఊహాజనిత రోగిని నమోదు చేసి, ఆ రికార్డును చివరిదాకా నడపాలి. శనివారం సాయంత్రంలోగా పంపకపోతే ఏడాది పోతుంది. సిబ్బంది సాధన కోసం ఆసుపత్రి సైటుకు ఒక నమూనా సైటు ఉంది. రెండూ ఒకేలా ఉంటాయి. పైన పట్టీ రంగే తేడా, నమూనాకు పసుపు, అసలుకు ఆకుపచ్చ. ఆ ఉదయం కరెంటు లేదు. బ్యాటరీ మిగలాలని రమణి తెర వెలుతురు బాగా తగ్గించింది. కిటికీలోంచి మంచు వచ్చి గదిలో కూర్చుంది. ఆ బూడిద వెలుతురులో ఏ పట్టీ అయినా ఒకటే.

పేరు గాయత్రి. వయసు ఇరవై ఎనిమిది. ఎనిమిదో నెల. రక్తం ఆరున్నర గ్రాములే. ఊరు, జాబితాలో ఆఖరున కనిపించిన బొడ్డుగొంది, కొండ మీద ఏడిళ్ళు. భర్త పేరు గడి ఖాళీగా వదిలితే సైటు ముందుకు కదలదు. రమణి వేళ్ళు కాసేపు ఆగి, సురేంద్ర అని కొట్టాయి. ఫోను నంబరూ తప్పనిసరే. నాలుగేళ్ళలో ఒక్కసారీ కలపని నంబరును ఆమె చూడకుండా కొట్టేసింది. కల్పనే కదా, ఎవరికేం నష్టం అనుకుంది. నమోదు అయినదని తెర చెప్పింది.

మంగళవారం పై ఆఫీసు నుంచి సూపర్వైజరు సర్వేశ్వరరావు, నర్సు అప్పలనర్సమ్మకు ఫోన్ చేశాడు.

"మీ ఏరియాలో ఎనిమిదో నెల మనిషి నిన్నటిదాకా నమోదు కాకపోవడమేమిటమ్మా? అసలు ఆమెను చూశారా?"

"సూసేను సార్. మొన్ననే కదా సూసేను. సన్నంగా ఉంటాది, పాపం."

ఫోను పెట్టేసి ఆమె రమణి వైపు తిరిగింది. "ఎవులే ఈ గాయత్రి?"

రమణి అప్పటికే తెర వెలుతురు పెంచి చూసుకుంది. పట్టీ ఆకుపచ్చగా ఉంది. "అక్కా, నిజానికి ఆవిడ..."

"నిజాలు నాకు సెప్పకు. సూసేనని అనీసేను. ఇప్పుడు నువ్వేటి సెప్పినా నా ఉజ్జోగం మీదకొస్తాది."

రమణి తెర వైపు తిరిగింది. చెబితే తన కాంట్రాక్టూ ఆ పూటతో సరి. రికార్డు తుడిచేద్దామని చూస్తే, తుడవడానికి మీట లేదు. ముగించడానికి మూడే దారులున్నాయి: ప్రసవం, వలస, మరణం. దేనికైనా సర్వేశ్వరరావు ఒప్పుకోవాలి. మరణం మీద ఆమె వేలు కాసేపు నిలిచింది. పుట్టించి ఒక్క రోజే అయింది. పైగా పక్కనే భర్త పేరుంది. వేలు వెనక్కి వచ్చేసింది.

బుధవారం జీపు బయల్దేరింది. కొండ మీది గర్భిణులను నెల ముందే దింపి వసతి గృహంలో ఉంచాలన్నది నియమం. డ్రైవరు కొండబాబు, ఆశా కార్యకర్త కనక, డోలీ మోసేవాళ్ళిద్దరు బొడ్డుగొంది ఎక్కారు. మూడింటికి ఖాళీ డోలీతో దిగారు.

"సంతకెల్లిందట. గాసి తాత సెప్పాడు" అన్నాడు కొండబాబు.

కాగితం పట్టుకొచ్చి ఎవరి పేరు అడిగినా బొడ్డుగొంది ముసలి గాసి చెప్పేది అదే. అటవీశాఖ వాళ్ళకీ, బ్యాంకు వాళ్ళకీ, జనాభా లెక్కల వాళ్ళకీ అదే చెప్పాడు. అడిగినవాళ్ళు ఎందుకొచ్చారో తెలిసేలోగా ఆ మనిషి ఊళ్ళో లేకపోవడమే క్షేమమని అతని అనుభవం.

"శుక్రవారం సంతకి బుధవారం వెళ్ళిందా?" అంది రమణి.

"నడవలేదు కదా, ముందే బయల్దేరి ఉంటాది" అంది కనక. "ఎవులితోనూ మాటాడదటమ్మా. నెమ్మదస్తురాలట. దోమతెర ఇచ్చీసి వచ్చాం. ఆవిడ తరఫున తాత ఏలిముద్ర ఏసాడు."

అలా గురువారానికి గాయత్రికి సన్నని ఒళ్ళు, నెమ్మది స్వభావం, ఒక దోమతెర ఏర్పడ్డాయి. రమణికి దోమతెర లేదు.

శుక్రవారం సంతలో సర్వేశ్వరరావు మైకు పెట్టించాడు. పసుపు కొమ్ముల గుట్టలకూ కొండచీపుర్ల కట్టలకూ మధ్య నుంచి గొంతు లేచింది. "బొడ్డుగొంది గాయత్రి, భర్త సురేంద్ర, ఎక్కడున్నా బేగి ఆసుపత్రికి రావాలి." మధ్యాహ్నానికి ముగ్గురు ఆమెను చూశామన్నారు. గాజుల కొట్టు దగ్గర ఒకరు, ఎండుచేపల దగ్గర ఒకరు. మూడో మనిషి పలకరించానని కూడా అన్నాడు.

రమణి తన కిటికీ దగ్గర కూర్చుని విన్నది. ఆ రెండు పేర్లూ ఒకదాని వెనక ఒకటి కొండకు తగిలి తిరిగొస్తున్నాయి. రెండింటినీ ఒకచోట చేర్చింది తనే, అందులో తను ఎక్కడా లేదు. తను కనిపించకుండా పోతే ఒక జీపు, ఒక మైకు, ఇద్దరు డోలీ మనుషులు బయల్దేరతారా అని ఆలోచించింది. ఓపీ చీటీలు ఆగిపోతే మధ్యాహ్నానికి ఎవరో ఒకరు గమనిస్తారు. సిగ్గుపడవలసిన చోట ఆమెకు అసూయ కలిగింది. తను కల్పించిన మనిషి మీద తనకే అసూయ. అది ఎంత నిజంగా ఉందంటే, గాయత్రి కూడా ఎక్కడో ఉండే ఉంటుందనిపించింది.

శనివారం పదకొండు దాటాక కిటికీలో నీడ పడింది. చేతిలో సంచితో సురేంద్ర.

"రమణీ. ఇంకా ఇక్కడే ఉన్నావా?"

"ఉన్నానండి."

అతను ఫోను ముందుకు జరిపాడు. ఈ కేంద్రం పేరుతో పదకొండు మెసేజీలు. మీ భార్య గాయత్రి ఎనిమిదో నెలలో ఉన్నారు, రక్తం ఆరున్నరే ఉంది. ఐరన్ మాత్రలు వేసుకున్నారా? ఆమెను ఒంటరిగా వదలకండి.

"బుధవారం పెళ్ళిచూపులకి వెళ్ళాం. ఫోను మా వదిన చేతిలో ఉంది. వచ్చింది వచ్చినట్టు పైకి చదివేసింది."

"మరి సంబంధం?"

"వాళ్ళు టీ కూడా ఇవ్వలేదు."

"తిట్టడానికి వచ్చారా?"

"కోపంతోనే రైలెక్కాను. శివలింగపురం స్టేషను దాటాక, ఆ ఆరున్నర ఎవరు చూశారో, సరిగ్గా చూశారో లేదో అని బెంగ పట్టుకుంది. చెప్పుకోవడానికి ఎవరూ లేకే కదా నా పేరు చెప్పింది." సంచిలోంచి దానిమ్మలు, ఖర్జూరాలు, బెల్లం అచ్చులు కనిపిస్తున్నాయి. "ఎలా ఉంటుందామె?"

"సన్నంగా ఉంటుంది. ఎవరితోనూ మాట్లాడదు."

"పాపం" అన్నాడు. ఫోను జేబులో పెట్టుకుంటూ, "నా నంబరు ఆమెకెలా తెలుసంటావ్?" అన్నాడు.

దానికి జవాబు ఒక్క వాక్యం. రమణి నాలుగేళ్ళుగా ఆ వాక్యం చుట్టూ తిరుగుతూనే ఉంది. ఇప్పుడది నోటిదాకా వచ్చింది కూడా.

"ఎవులు బాబు నువ్వు?" అంటూ అప్పలనర్సమ్మ లోపలికి వచ్చింది. ఆమె ఇక్కడికి బదిలీ అయి రెండేళ్ళే.

"సురేంద్రనండి. గాయత్రి గురించి వచ్చాను."

అప్పలనర్సమ్మ బెంచీ మీద కూలబడింది. తర్వాత రమణిని గది మూలకు లాగింది. "ఒలే, ఉందే ఆ గుంట. మొగుడు వచ్చీసినాడు. నాను అబద్ధం ఆడీసేననుకుని నాలుగు రోజుల్నుంచీ ముద్ద మింగనేదు."

రమణి వారించేలోపే ఆమె రికార్డులో చేర్చేసింది: భర్త స్వయంగా హాజరు, పండ్లు తెచ్చినారు. వెంటనే సర్వేశ్వరరావుకు ఫోన్ కలిపి రమణి చేతిలో పెట్టింది.

"భర్త వచ్చాడుగా, ఇక బాధ్యత అతనిది. ఆమె ఎక్కడుందో తెలిసిందా?" అన్నాడాయన.

రమణి కిటికీ వైపు చూసింది. "విశాఖపట్నం వెళ్ళిపోయిందట సార్."

"అయితే వలస పెట్టెయ్యమ్మా."

ఆమె మీట నొక్కింది. రమణి రెండేళ్ళుగా చదువుతూ వెళ్ళలేని చోటికి గాయత్రి ఒక్క నొక్కుతో వెళ్ళిపోయింది.

సురేంద్ర ముఖం తేటపడింది. "మా ఊళ్ళోనే ఉందా? అయితే నేను వెతుకుతాను." తిరుగు రైలుకు టైము చూసుకుని లేచాడు. సంచి మాత్రం కిటికీ అరుగు మీద వదిలాడు. "ఇవి నువ్వు తిను. నువ్వూ సన్నబడ్డావు. ఆమె కబురేదైనా తెలిస్తే ఫోన్ చెయ్యి. నా నంబరు ఉందా?"

"చూసుకోవాలండి" అంది రమణి.

సాయంత్రం దానిమ్మ వలిచి తింటూ ఆమె అసైన్‌మెంటు పంపింది. కొత్తగా ఇంకో రోగిని కల్పించే ఓపిక లేదు. గాయత్రి రికార్డునే, పేర్లూ నంబరూ తీసేసి, మొదటి నుంచి చివరిదాకా పంపేసింది.

మూడు వారాలకు ఫలితం వచ్చింది. పాసయింది. కింద పరీక్షకుడు ఇలా రాశాడు: "రికార్డు సక్రమంగా ఉన్నది. అయితే భర్త స్వయంగా పండ్లు తీసుకుని వచ్చినట్టు కల్పించడం సహజంగా లేదు. ఆరు మార్కులు తగ్గించడమైనది."