ముంత నిండా సరస్వతాకు

రజాకార్ల గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు, మియాపూర్‌లో రామచంద్రం చిన్నకూతురు నీలమ్మ పెళ్లి కుదిరింది. ఆ పొద్దున రామచంద్రం వదిన చంద్రమ్మ అనుకున్న పని ఒక్కటే. కుంకుమ గిన్నె పట్టుకుని ఊరంతా తిరిగి, గడపగడపకూ బొట్టు పెట్టి పెళ్లికి పిలవడం. పెద్దకోడలిగా వచ్చిననాటి నుంచీ అది ఆమె హక్కు. బొట్టు అందని ఇంటివాళ్లు పెళ్లికి రారు సరికదా, మాటలు కూడా మానేస్తారు. పోయినసారి సత్తెమ్మ ఇల్లు మరిచిపోయింది చంద్రమ్మ. అది తలుచుకుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంటుంది. మళ్లీ మరిస్తే గిన్నె తోడికోడలు రుక్కమ్మ చేతికి పోతుంది.

అందుకే చాటుగా, చెట్లమందులిచ్చే మొగిలితో సరస్వతాకు తెప్పించుకుంది.

"ఇది తాగితే మతిమరుపు పోతదా, మొగిలీ?"

"పోతదో పోదో నేనైతే చెప్పలేనమ్మా. మా నాయనకు జర నయమైంది. నన్ను ఎవలివిరా అని అడుగుడు బంద్ జేసిండు. పరిగడుపున ఇంత తాగితే చాలు. ఎక్కువైతే చెంబు వట్టుకొని ఉరుకుడే."

చంద్రమ్మ కొంత ఆకు నూరి రసం తీసి, వడ్ల గుమ్మి వెనక ముంతలో పోసి, గడగడా తాగి, మిగిలిన ఆకు అక్కడే వదిలి స్నానానికి వెళ్లింది. వచ్చి చూస్తే ముంత నిండుగా ఉంది. తాగినట్టే గుర్తు. కానీ ముంత ఎందుకు అబద్ధమాడుతుంది? తన బుర్రను కాదని ముంతను నమ్మి మళ్లీ తాగింది. జడ ముడుచుకుని కుంకుమ గిన్నె కోసం అటు వస్తే, ముంత మళ్లీ నిండుగా ఉంది. మతి ఇంతగా చెడిందా అని కళ్లనీళ్లు పెట్టుకుంటూ అదీ తాగేసింది.

నాలుగిళ్లు తిరిగిందో లేదో కడుపు తిరగబడింది. ఆ ఇంట్లో చెంబు అడిగి తుమ్మపొదల వైపు పరుగెత్తింది. పక్కింటికి వెళ్లి బొట్టు పెట్టబోయి, అక్కడా చెంబే అడిగింది. ఏమైందంటే చెప్పదు. మతిమరుపు మందని చెప్పడం కంటే చావడమే నయమనిపించింది.

అది చూసిన సత్తెమ్మ వీధి మధ్య నిలబడి అరిచింది. "ఓయమ్మో, చంద్రమ్మకు గత్తర తాకింది! వాంతులు, బేదులు!"

వాంతులు సత్తెమ్మ సొంతంగా కలిపింది. గత్తరంటే కలరా, ఒక్కరికి తగిలిందంటే ఊరు ఖాళీ చేసే రోజులవి. బొట్టు పెట్టించుకున్నవాళ్లు గబగబా తుడిచేసుకున్నారు. తలుపులు పడ్డాయి, మూటలు బయటికొచ్చాయి. సరిగ్గా అప్పుడే బాచుపల్లి నుంచి పెళ్లికొడుకు తండ్రి రాజయ్య పెళ్లిచీర తీసుకుని బండిలో వచ్చాడు. మాట చెవిన పడగానే ఎడ్లను వెనక్కి తిప్పాడు.

రామచంద్రం బండికి అడ్డం పడ్డాడు. "బావా, జర ఆగు!"

"గత్తరున్న ఊరికి నా కొడుకును తోలుకరాను. లగ్గం ఇగ లేనట్టే."

గడపలో నీలమ్మ ఏడుస్తోంది. పిల్ల ఏడుపు విన్నాక చంద్రమ్మకు దాచడానికి మనసొప్పలేదు. తల వంచుకుని బండి దగ్గరికి వచ్చింది.

"గత్తర గాదన్నా. మతి నిలుస్త లేదని దొంగసాటుగ సరస్వతాకు తాగిన. తాగింది మర్శి మల్ల తాగిన. మర్శి ఇంకోసారి గూడ."

ఊరంతా గొల్లుమంది. భూమి చీలితే బాగుండుననుకుంది చంద్రమ్మ.

"నువ్విగ కూసో వదినా. గిన్నె రుక్కమ్మకియ్యి" అన్నాడు రామచంద్రం మెల్లగా.

రుక్కమ్మ చెయ్యి చాచలేదు. ముఖం కొంగులో దాచుకుంది.

"అక్క ఏం మర్వలే. నాకు గూడ మతి ఉంట లేదు. మొగిలి నీకు జెప్పంగ సాటుకు ఇని, మిగిలిన ఆకు నూరి, తాగుదమని అదే ముంతల పోసి పెట్టుకున్న. వచ్చి చూస్తే లేదు. నూరుడే మర్శిననుకొని మల్ల నూరిన."

చంద్రమ్మ తలెత్తింది. "అంటే నేను తాగింది నాకు సక్కగనే యాదికున్నట్టేనా?"

"ఉన్నట్టేనక్కా."

రాజయ్య నవ్వు ఆపుకోలేక బండిని ఊళ్లోకి తిప్పాడు. కడుపు కుదుటపడ్డాక తోడికోడళ్లిద్దరూ ఒకే గిన్నె పట్టుకుని, సిగ్గుతో తలలు వంచుకుని, ఒకరికొకరు ఇళ్లు గుర్తుచేసుకుంటూ తిరిగారు. సత్తెమ్మకు అందరికంటే ముందు బొట్టు పెట్టారు.

పెళ్లికి ఊరు ఊరంతా వచ్చింది. బొట్టు అందలేదని రానిది మొగిలి ఇంటివాళ్లు మాత్రమే.