తీతువు ఏడుపు నాటకీయమట

ఒక పెద్ద అడవిలో ఒక సభ ఉండేది. అడవి పెద్దది కదా అని సభ కూడా పెద్దదనుకునేరు. ఉన్నవి మూడే మూడు బండరాళ్ళు. ఒకదాని మీద సింహం కూర్చునేది, అధ్యక్షుడు కాబట్టి. రెండోదానికి ఏనుగు ఆనుకునేది, బాటలు వేయించే పని దానిది కాబట్టి. మూడోదాని మీద నక్క కూర్చునేది, మిగతా ఇద్దరికీ నిద్ర ఎక్కువ కాబట్టి.

అడవికి కింది వైపు ఒక ఏరు. ఏటి ఒడ్డున గులకరాళ్ళ దిబ్బ. ఆ రాళ్ళ మధ్య ఆదెమ్మ అనే తీతువు పిట్ట నాలుగు గుడ్లు పెట్టుకుంది. తీతువు చెట్టు మీద గూడు కట్టదు. రాళ్ళలో చిన్న గుంట చేసుకుంటుంది, అంతే. గుడ్డు కూడా రాయిలాగే ఉంటుంది. తొక్కేదాకా గుడ్డని తెలియదు, తొక్కాక తెలిసినా లాభం లేదు.

ఒకనాడు ఏనుగుకు ఆలోచన వచ్చింది. పాత బాట చుట్టు తిరుగుడు, దిబ్బ మీదుగా పోతే ఏరు దగ్గర. అమావాస్య మర్నాడు మందను వెంటేసుకుని అటుగా ఊరేగితే సరి, బాట దానంతటదే పడుతుంది. సభ సరేనంది.

కబురు తెలిసి ఆదెమ్మ సభకు పరుగెత్తింది. రెక్కలు నేలకేసి కొట్టుకుంది. "అయ్యల్లారా, నా పిల్లలింకా లోకం చూడలేదు. నా కడుపు మీద బాట వేయకండి" అని అడవంతా వినబడేలా ఏడ్చింది.

సింహం ఒక కన్ను తెరిచింది. "ఏమిటీ గోల?"

"కొంచెం నాటకీయంగా ఉంది ప్రభూ" అంది నక్క.

ఆ మాట సభలో పుట్టడం అదే మొదలు. "అంటే?" అంది సింహం.

నక్క గొంతు సవరించుకుంది. "ఒకసారి కోడి కోసం ఊళ్ళోకి పోయి, స్టేజీ కింద దాక్కున్నాను ప్రభూ. పైన ఒక రాజు కొడుకు పోయాడని గుండెలు బాదుకుని, పద్యం పాడి, తానూ చచ్చిపోయాడు. జనం 'వన్స్ మోర్' అన్నారు. లేచాడు, మళ్ళీ పాడాడు, మళ్ళీ చచ్చాడు. తెర పడ్డాక చుట్ట ముట్టించి 'టీ ఏదిరా' అన్నాడు. దాన్నే నాటకీయం అంటారు. ఎవరైనా గుండెలు బాదుకుంటున్నారంటే, తెర వెనక టీ కాగుతోందన్నమాటే."

"అయితే ఈ పిట్ట కూడా ఇంటికెళ్ళి టీ తాగుతుందా?"

"నాకు టీ ఎక్కడిది బాబూ?" అంది ఆదెమ్మ.

"చూశారా, మాటకు మాట. స్టేజీ మీద కూడా ఇలాగే అందించుకుంటారు" అంది నక్క. అర్జీ కొట్టేశారు.

ఆ మాట సభకు మహా రుచించింది. చిరుతపులి నా బిడ్డను ఎత్తుకుపోయిందని జింక వచ్చి మొత్తుకుంటే, నాటకీయం. చెట్టు కూలి నడుం విరిగిందని కోతి మూలిగితే, నాటకీయం. కడుపు నిండినవాడికి ఎదుటివాడి ఆకలి కేక ఎప్పుడూ కాస్త శ్రుతి మించినట్టే ఉంటుంది. ఇన్నాళ్ళూ దానికి పేరు తెలియక ఓర్చుకున్నారు, ఇప్పుడు పేరు దొరికింది.

అర్థం ఖాయం చేయడానికి తాబేలు పంతుల్ని పిలిపించారు. పంతులు తల డొప్పలోకి లాక్కుని చాలాసేపు ఆలోచించి, బయటికి తీసి చెప్పాడు: "వినేవాడి నిద్ర చెడగొట్టేది ఏదైనా నాటకీయం."

"మరి సింహంగారి గర్జన?" అంది ఒక కుందేలు.

"అది గాంభీర్యం."

"ఏనుగుగారి ఘీంకారం?"

"అది ప్రకటన."

కుందేలుకు ఇంకో సందేహం ఉంది గానీ, నక్క తనవైపే చూస్తుండటం చూసి దాన్ని మింగేసింది. ఆనాటి నుంచి సభలో ఏడవకూడదు, అరవకూడదు, కుంటకూడదు. చెప్పేదేదో నిమ్మళంగా చెప్పుకోవాలి.

ఆదెమ్మ ఊరుకోలేదు. నిమ్మళంగా అంటే నిమ్మళంగానే చెబుదామనుకుని బురదలో పడుకున్న ముసలి అడవిదున్న దగ్గరికి పోయింది. "బావా, నీకంటే నిమ్మళమైనవాడు ఈ అడవిలో లేడు. నాకు నేర్పు."

"నేర్పేదేముంది మరదలా. నమలుతూ మాట్లాడు. నమిలేవాడికి ఏడుపు రాదు."

ఆదెమ్మ ఒక గడ్డిపరక నోట పెట్టుకుని నమిలింది. గుడ్ల మాట వచ్చేసరికి గడ్డిపరక జారిపోయేది. మళ్ళీ పెట్టుకునేది. లోపల గుండె కొట్టుకుపోతున్నా పైకి రాయిలా నిలబడటం వచ్చేదాకా నమిలి, అప్పుడు సభకు వెళ్ళింది.

"అయ్యా, ఏనుగుగారి బాట దిబ్బ మీదుగా పడితే నా నాలుగు గుడ్లు పగులుతాయి. అంతే. ఉంటాను."

సింహం రెండు కళ్ళూ తెరిచింది. ఏనుగు చెవులు ఆడించడం ఆపింది. ఆదెమ్మకు ఆశ పుట్టింది.

"విన్నారా ప్రభూ" అంది నక్క. "కన్న తల్లే ఇంత నిమ్మళంగా ఉంది. అంటే పెద్ద నష్టమేమీ లేదన్నమాట."

ఏడిస్తే నాటకీయం, ఏడవకపోతే నష్టం లేదు. ఆదెమ్మ గడ్డిపరక ఉమ్మేసి ఇంటికి వచ్చేసింది.

అమావాస్య మర్నాడు ఊరేగింపు బయల్దేరింది. సభ ఊరేగింపుకు ఒక పాత నియమం ఉంది. ముందున్నవాడి తోకను వెనకున్నవాడు వదలకూడదు. అందరికన్నా ముందు నక్క. నక్క తోక మీదే చూపు పెట్టుకుని ఏనుగు. ఏనుగు మీద కునుకుతూ సింహం. వెనక మంద. ఒడ్డునంతా జింకలు, కోతులు, కుందేళ్ళు. చప్పట్లు కొట్టడానికి రమ్మన్నారు.

నక్క దిబ్బ దగ్గరికి వచ్చింది. నాలుగడుగులు వేస్తే గుడ్లు.

ఆదెమ్మకు అమ్మ నేర్పిన విద్య ఒకటి ఉంది. ప్రతి తీతువుకూ అమ్మ నేర్పుతుంది. ఆదెమ్మ నక్క ముందుకు వచ్చి ఒక రెక్క నేల మీద ఈడుస్తూ, పడుతూ లేస్తూ, కీచుమంటూ కుంటడం మొదలుపెట్టింది.

నక్కకు నియమాలన్నీ తెలుసు. ఆ మాటను అడవికి తెచ్చిందే తను. స్టేజీ కింద కూర్చుని తెర వెనక్కి చూసి వచ్చింది కూడా. కానీ రెక్క విరిగిన పిట్ట కనబడగానే నోట్లో నీళ్ళూరాయి. నోరూరాక అర్థాలెవడికి గుర్తుంటాయి? ఒక్క దూకు దూకింది. ఆదెమ్మ జానెడు దూరంలో పడింది. ఇంకో దూకు. ఇంకో జానెడు. నక్క వెనక ఏనుగు, ఏనుగు మీద సింహం.

"ఎటు పోతున్నాం?" అంది సింహం.

"తోక ఎటు పోతే అటు" అంది ఏనుగు.

తోక దిబ్బ దాటి, రెల్లు దాటి, ఊబిలోకి పోయింది. ఏనుగు పొట్ట దాకా దిగింది. సింహం ముందుకు తూలి బురదలో పడింది. నక్కకు మెడ మాత్రమే మిగిలింది. వెనక మంద ఊబి అంచునే ఆగిపోయింది. సభలో కూర్చోనివాళ్ళకు కాళ్ళ కింద నేల తెలుస్తుంది. ఆదెమ్మ విరిగిన రెక్క విప్పుకుని ఎగిరి, ఊబి పక్కనే బురదలో పడుకున్న దున్న కొమ్ము మీద వాలింది.

"చచ్చిపోతున్నాను బాబోయ్" అని నక్క గోలపెట్టింది.

ఒడ్డున ఉన్నవాళ్ళంతా తీరిగ్గా కూర్చున్నారు.

"కొంచెం నాటకీయంగా లేదూ?" అంది జింక.

కోతులు "వన్స్ మోర్" అన్నాయి.

నక్కకు విషయం అర్థమైంది. గొంతు తగ్గించి, "అయ్యా, నేను మునుగుతున్నాను. అంతే" అంది.

"ఇంత నిమ్మళంగా చెబుతున్నాడంటే పెద్ద మునకేం కాదు" అంది నడుం విరిగిన కోతి.

దున్న ఆదెమ్మను అడిగింది. "లాగమంటావా మరదలా?"

"బాట మాటేమిటో అడుగు."

"పాత బాటే బంగారం" అంది ఏనుగు, అడక్కముందే.

"లాగెయ్ బావా" అంది ఆదెమ్మ. "వీళ్ళిక్కడే ఉంటే ఏరు పాడైపోతుంది."

దున్న మెల్లగా నములుతూనే ఒక్కొక్కరినీ ఒడ్డుకు ఈడ్చింది. బయట పడ్డాక సింహం వెక్కి వెక్కి ఏడ్చింది. ఏనుగు తొండంతో తల బాదుకుంది. తాబేలు పంతులు అక్కడే ఉన్నాడు గానీ, ఆ పూట ఆయనను ఎవరూ అర్థం అడగలేదు. ఆయనా చెప్పలేదు.

మర్నాడు సభ కొత్త తీర్మానం చేసింది. ఒడ్డు మీద ఉన్నవాడు ఏడిస్తే నాటకీయం. బండరాయి మీద కూర్చున్నవాడు ఏడిస్తే ఆవేదన. జింక అర్జీ మళ్ళీ కొట్టేశారు.

దిబ్బ మీద గుడ్లు పగిలి నాలుగు పిల్లలు బయటికొచ్చాయి. ఇంకా సరిగా నడవడం రాలేదు. ఆదెమ్మ వాటిని వరసగా నిలబెట్టి, ముందు కుంటడం నేర్పింది.

నీతి: ఏడవదలచినవాడు ముందు కుర్చీ సంపాదించుకోవాలి, కుర్చీ దొరకనివాడు కుంటడం నేర్చుకోవాలి.